అక్రోపొరా పెంపకం: గోధుమరంగుతో మొదలై నీలం దాకా

అక్రోపొరా అంటే కొమ్మలుగా పెరిగే రాతి పగడం. ఉప్పునీటి ట్యాంక్ కోసం మొదటిసారి కొన్నప్పుడు ఆరు ముక్కలు తెచ్చుకున్నాను. షాపులో ఒకటి ఊదా, ఒకటి నెమలికంఠం నీలం, ఒకటి గులాబీ. మూడు నెలలు తిరిగేసరికి ఆరూ ఒకటే రంగు, బెల్లం పాకం రంగు. మా ఆవిడ ట్యాంక్ ముందు నిలబడి "ఇంత డబ్బు పోసి ఎండు పుల్లలు కొన్నావా?" అంది. నిజానికి అప్పుడు ఆ పుల్లలు భేషుగ్గా ఉన్నాయి. పాలిప్‌లు, అంటే పగడం ఒంటి మీది బుల్లి పువ్వుల్లాంటి నోళ్లు, బయటికి వచ్చి ఆడుతున్నాయి, అడుగున రాయి మీదికి పాకుతున్నాయి. రంగు పోయిందన్న టెన్షన్‌లో నేనే రంగు మందులు సీసా వెనక సీసా కొని పోశాను. నాలుగు చచ్చాయి.

అందుకే ఈ గైడ్‌లో రంగు గురించి చివర్లో చెబుతాను. అక్రోపొరాకు రంగు రావడమూ చివర్లోనే. ముందు బతకాలి, తర్వాత పెరగాలి, ఆ తర్వాతే రంగు. నా ట్యాంక్ టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంది. నాలుగడుగుల పొడవు, 120 గ్యాలన్లు, కింద ఉండే ఫిల్టర్ తొట్టి, అంటే సంప్‌తో కలిపి సుమారు 500 లీటర్ల నీళ్లు. లెక్కలన్నీ దాన్ని బట్టే చెబుతాను. మీ ట్యాంక్ సగం ఉంటే సగం చేసుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట

హైదరాబాద్, వైజాగ్ నుంచి చదువుతున్నవాళ్లు దీన్ని తెలుసుకోవడానికి మాత్రమే చదవండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. లక్షద్వీప్, అండమాన్ దీవుల్లో, మన్నార్ సింధుశాఖలో ఉన్న అక్రోపొరా ముక్కను తీయడం, అమ్మడం, కొనడం నేరం. అమెరికా నుంచి వెళ్లేటప్పుడు చిన్న ముక్క సూట్‌కేసులో పెట్టుకుపోదామన్న ఆలోచన కూడా వద్దు. రాతి పగడాలన్నీ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి పర్మిట్ లేకుండా ఏ దేశపు సరిహద్దూ దాటకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లు కూడా సముద్రంలోంచి తెచ్చినవి కాకుండా ఇక్కడే ట్యాంకుల్లో పెంచి కోసిన ముక్కలే కొనండి. అవి గాజు పెట్టెకు, లైటుకు ముందే అలవాటు పడి ఉంటాయి, తొందరగా చావవు కూడా.

ఇంకో సంగతి. ఉంగరంలో కుజుడికి పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి. అది మధ్యధరా సముద్రపు చీకట్లో పెరుగుతుంది, దానికి ఎండ అక్కర్లేదు. అక్రోపొరాకు ఎండే తిండి.

గోధుమరంగు ఎక్కడి నుంచి వస్తుంది

అక్రోపొరా ఒంట్లో కంటికి కనిపించని నాచు కణాలు లక్షల్లో కాపురం ఉంటాయి. వాటిని జూగ్జాంథెల్లే అంటారు. అవి వెలుతురుతో చక్కెర తయారుచేసి పగడానికి పెడతాయి, పగడం తన వ్యర్థాలను వాటికి ఎరువుగా ఇస్తుంది. ఆ నాచు రంగే గోధుమ. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైనా, వెలుతురు తగ్గినా ఆ కణాల సంఖ్య పెరుగుతుంది. అప్పుడు పగడం సొంత రంగు వాటి వెనక దాక్కుంటుంది.

ఆ సొంత రంగులు రెండు రకాల ప్రొటీన్లు. ఒకటి నీలి కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగానో ఎర్రగానో మెరిసేది, ఫ్లోరోసెంట్ రకం. రెండోది మెరవదు. తెల్లటి వెలుతురులో ఊదా, గులాబీ, నీలంగా కనిపిస్తుంది, దాన్ని క్రోమోప్రొటీన్ అంటారు. ఎండ బాగా తగిలే చోట ఈ రెండో రకాన్ని పగడం గొడుగులా తయారుచేసుకుంటుంది. ఇది తెలిస్తే సగం పని అర్థమైనట్టే. రంగు కావాలంటే నాచు కణాలు మితంగా ఉండాలి, వెలుతురు గట్టిగా ఉండాలి, గొడుగు తయారుచేసుకునేంత బలం పగడానికి ఉండాలి. మూడోదాన్ని జనం మర్చిపోతారు. ఆకలితో మాడుతున్న పగడం గొడుగు కట్టదు, పాలిపోతుంది.

1. ట్యాంక్ ఊరనివ్వండి

ఆవకాయ కలిపిన రోజే తింటే ఆవఘాటు తప్ప ఏమీ తెలియదు. కొత్త ట్యాంకూ అంతే. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు రాగానే చేపలు వేయొచ్చు గానీ అక్రోపొరాకు అది చాలదు. కొత్త రాళ్ల మీద మొదట గోధుమ పొర, తర్వాత పచ్చనాచు, ఒక్కోసారి డైనోలు అనే జిగురు తీగలు వస్తాయి. ఇవన్నీ సద్దుమణిగి రాళ్ల మీద గులాబీ, ఊదా రంగుల్లో కోరలైన్ నాచు మచ్చలు పాకడం మొదలయ్యాక అక్రోపొరా గురించి ఆలోచించండి. పొడి రాళ్లతో మొదలుపెడితే ఏడాది దాకా పట్టొచ్చు, సముద్రం నుంచి జీవాలతో సహా వచ్చే లైవ్ రాక్ అయితే ఆరు నెలలు. ఈలోగా మాంటిపొరా, బర్డ్స్‌నెస్ట్ అనే ఓర్పున్న పగడాలు పెట్టి చూడండి. అవి పెరుగుతుంటే మీ చేతికి అలవాటవుతుంది.

2. నీళ్లు

కుళాయి నీళ్లు నేరుగా వద్దు. ఆర్‌వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ దాటి వచ్చి, టీడీఎస్ మీటర్‌లో సున్నా చూపించే నీళ్లలోనే ఉప్పు కలపాలి. మా ఊళ్లలో నీళ్లను క్లోరమైన్‌తో శుద్ధి చేస్తారు, ఏటా మార్చి ప్రాంతంలో ఒక నెల మాత్రం క్లోరిన్‌కు మారుస్తారు. మామూలు కార్బన్ ఫిల్టర్ క్లోరమైన్‌ను పూర్తిగా ఆపలేదు, దానికోసం చేసిన కార్బన్ బ్లాక్ విడిగా దొరుకుతుంది. డీఐ రెసిన్ నెలకోసారి అయిపోతుంటే అనుమానించాల్సింది అక్కడే.

ఉప్పదనం 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35, ఉష్ణోగ్రత 25 నుంచి 26.5 డిగ్రీలు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో సున్నాకు సరిచేస్తే చాలదు, 35 పీపీటీ ద్రావణంతో సరిచేయండి. నేను ఏడాదిపాటు 35 అనుకుంటూ 32లో నడిపాను.

3. వెలుతురు

వెలుతురును కంటితో కొలవలేం, నీలి ఎల్‌ఈడీలనైతే అసలు కొలవలేం. మొక్కలకూ పగడాలకూ పనికొచ్చే కాంతిని పార్ అనే లెక్కలో కొలుస్తారు. మీటర్ ఖరీదెక్కువ. అక్వేరియం క్లబ్బుల్లో అద్దెకో అరువుకో దొరుకుతుంది, ఒక వారాంతం తెచ్చుకుంటే చాలు. రాళ్ల మీద పది పన్నెండు చోట్ల కొలిచి కాగితం మీద బొమ్మ గీసుకోండి. ఎక్కువ అక్రోపొరాలకు 250 నుంచి 400 పార్ సరిపోతుంది. లోతు నీళ్లలో పెరిగే నున్నటి సన్నకొమ్మల రకాలు 150 నుంచి 250లోనే బాగుంటాయి. 500 దాటించి గొప్పలు చెప్పుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల మిగతా లెక్కలన్నీ కూడా అంత పక్కాగా ఉంటాయి.

ఎల్‌ఈడీ, టీ5, మెటల్ హాలైడ్ అన్న గొడవలో నేను తలదూర్చను, అన్నిటితోనూ రంగులు తెచ్చినవాళ్లున్నారు. ఎల్‌ఈడీలో ఒక్క చిక్కుంది. వెలుతురు ఒకే బిందువు నుంచి పడటం వల్ల కొమ్మ కింద నీడ చీకటిగా మారుతుంది, పగడం పెరిగేకొద్దీ ఆ నీడలోనే ఒళ్లు రాలుతుంది. రెండు లైట్లు చాలనుకున్న చోట మూడు పెట్టి ఒక్కోదాన్ని తగ్గించి నడిపితే నీడ పలచబడుతుంది. ఉదయం సాయంత్రం మెల్లగా పెంచి దించేది కలుపుకుని రోజుకు పది గంటలు, అందులో పూర్తి వెలుగు ఏడెనిమిది గంటలు. కొత్త లైటైతే సగంలో మొదలుపెట్టి వారానికి ఐదు శాతం చొప్పున పెంచండి. ఒకసారి కుదిరాక ఇక లైటు నడిపే యాప్ తెరవకండి.

4. ప్రవాహం

ఒకే దిక్కు నుంచి గొట్టంలా కొట్టే నీళ్లు వద్దు, అటూ ఇటూ తిరగబడే నీళ్లు కావాలి. అలలు వచ్చి పోయే దిబ్బ అంచున పెరిగే ప్రాణి ఇది. గంటకు ట్యాంక్ నీళ్లకు 40 నుంచి 60 రెట్లు కదలాలి, అంటే నా ట్యాంక్‌కు పవర్‌హెడ్‌లు, అంటే నీళ్లు తిప్పే పంపులన్నీ కలిపి గంటకు 20 వేల లీటర్ల పైన. పాలిప్‌లు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒకే వైపు వంగి నిలిచిపోతే పంపు తిప్పండి. మొదటి రోజు సరిపోయిన ప్రవాహం రెండేళ్లకు సరిపోదు, పగడం పొదలా అయ్యాక దాని మధ్యకు నీళ్లు వెళ్లవు. అక్కడ మట్టి చేరుతుంది, ఒళ్లు రాలడం అక్కడే మొదలవుతుంది.

5. ఆల్కలినిటీ: అసలు కథ ఇక్కడే

అక్రోపొరా ఎముక అరగొనైట్ అనే సున్నపురాయి. అది కట్టుకోవడానికి నీళ్లలోంచి కాల్షియాన్నీ కార్బొనేట్‌నూ లాక్కుంటుంది. కాల్షియం నీళ్లలో బోలెడు ఉంటుంది, కార్బొనేట్ నిల్వే తక్కువ. దాన్నే ఆల్కలినిటీ అని డీకేహెచ్‌లో కొలుస్తాం. అక్రోపొరా చావుల్లో సగానికి పైగా ఈ ఒక్క అంకె ఊగిసలాట వల్లేనని నా నమ్మకం.

ఆల్కలినిటీ 7.5 నుంచి 8.5 డీకేహెచ్ మధ్య ఎక్కడైనా సరే. కాల్షియం 420 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1300 నుంచి 1400. ఇందులో 7.8 మంచిదా 8.3 మంచిదా అని వాదించుకోవడం దండగ. ఏ అంకె పట్టుకున్నా అది రోజూ అక్కడే ఉండాలి. రోజుకు అర డీకేహెచ్ మించి ఎటూ కదలకూడదు.

మీ ట్యాంక్ రోజుకు ఎంత తాగుతోందో ఇలా తెలుసుకోండి. మూడు రోజులు ఏమీ పోయకండి, నీళ్లు మార్చకండి. రోజూ ఒకే వేళకు, కాఫీ తాగేటప్పుడు అనుకోండి, ఆల్కలినిటీ కొలవండి. రంగు మారే చుక్కల కిట్‌కన్నా అంకె చూపించే హన్నా చెకర్ నాకు నచ్చింది. మొదటి రోజు 8.5, రెండో రోజు 8.0, మూడో రోజు 7.5 వస్తే రోజుకు 0.5 డీకేహెచ్ ఖర్చవుతోంది.

ఇక లెక్క. 100 లీటర్ల నీళ్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేట్, సుమారు 3 గ్రాములు కావాలి. నా 500 లీటర్లకు 15 గ్రాములు. రోజుకు అర డీకేహెచ్ అంటే 7.5 గ్రాములు. అదే చాకలి సోడా జాతి సోడియం కార్బొనేట్ అయితే 4.7 గ్రాములు చాలు, పీహెచ్ కూడా కాస్త లేస్తుంది. అక్వేరియం కోసం అమ్మే శుద్ధమైన పొడే వాడండి, బట్టలుతికేది కాదు. ఎముకలోకి కాల్షియం ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో వెళుతుంది. 2.8 డీకేహెచ్ ఖర్చైతే 20 పీపీఎం కాల్షియం ఖర్చవుతుంది. కాబట్టి అర డీకేహెచ్‌కు 3.6 పీపీఎం, నా ట్యాంక్‌లో దానికి కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ సుమారు 6.6 గ్రాములు. రెండూ వేర్వేరు డబ్బాల్లో మంచినీళ్లలో కలిపి, డోసింగ్ పంపుతో రోజుకు పన్నెండు నుంచి ఇరవై నాలుగు చిన్న వాయిదాల్లో, వేర్వేరు సమయాల్లో పడేలా పెట్టండి. ఒకేసారి ఒకచోట కలిస్తే అక్కడే తెల్లగా విరిగి గడ్డకడతాయి.

చిన్న ట్యాంక్‌కు, కొత్తవాళ్లకు నేను చెప్పేది మాత్రం సున్నపు తేట. ఇక్కడ దాన్ని కాల్క్ అంటారు. తాంబూలంలో వేసుకునే సున్నం ఏ పదార్థమో ఇదీ అదే, కాల్షియం హైడ్రాక్సైడ్. అది కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ సరైన నిష్పత్తిలో ఇస్తుంది, పీహెచ్ లేపుతుంది. పాన్‌డబ్బాలో సున్నం మాత్రం వాడకండి, అందులో ఇంకేం ఉంటుందో తెలియదు. శుద్ధమైన పొడి లీటరుకు ఒకటిన్నర గ్రాములు వేసి కలిపి, కిందికి దిగనిచ్చి, పైతేటను ఆవిరైపోయిన నీళ్లకు బదులుగా మెల్లగా పోయాలి. నా ట్యాంక్‌లో రోజుకు ఐదు లీటర్లు ఆవిరవుతాయి. పూర్తి చిక్కదనంతో ఐదు లీటర్లు పోస్తే 1.1 డీకేహెచ్ దాకా వస్తుంది, అంటే నా అవసరానికి సగం చిక్కదనం చాలు. తేట పీహెచ్ పన్నెండు దాటుతుంది. చేతికి కళ్లకు తగలనివ్వకండి, నీటి మట్టం చూసే సెన్సర్ ఇరుక్కుంటే డబ్బా మొత్తం ఒకేసారి పడిపోకుండా చిన్న డబ్బా పెట్టండి.

పీహెచ్ ఒక్కటే చూసి ఏ మందూ పోయొద్దు. ఎండాకాలం ఏసీ వేసి తలుపులన్నీ మూసేసిన ఇంట్లో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి పీహెచ్ 7.8కి దిగుతుంది. అట్లతద్దికి ఇరవై మంది వచ్చిన రోజు నా గ్రాఫ్‌లో లోయ కనిపించింది. నురగతో మురికి లాగే స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెడితే చాలావరకు తీరిపోతుంది. 8.1 నుంచి 8.4 మధ్య ఉంటే పెరుగుదల బాగా కనిపిస్తుంది.

6. కొనడం, పురుగు దులపడం

మొదటి ముక్కగా గ్రీన్ స్లైమర్ తీసుకోండి. అక్రోపొరా యాంగీ జాతి, మొండిది, చిన్న తప్పులు ఓర్చుకుంటుంది, పచ్చగా ఉంటుంది. రెండోదిగా రెడ్ ప్లానెట్, మూడోదిగా వాలిడా ట్రైకలర్. అవి నాలుగు నెలలు బతికితే టెన్యూయిస్, మిల్లెపొరా వైపు చూడండి. ఒక్కటిగా వంద డాలర్ల పేరున్న ముక్క కొనేకన్నా ఇరవై డాలర్లవి నాలుగు కొనడం మేలు. ఏది మీ ట్యాంక్‌కు సరిపడిందో నాలుగింటిలో తెలుస్తుంది, ఒక్కదానిలో తెలియదు.

నీలి లైటు కింద ఆరెంజ్ ఫిల్టర్ పెట్టి తీసిన ఫొటో చూసి కొనకండి. మెరిసే ఆకుపచ్చలు ఆ వెలుతురులో దీపావళిలా ఉంటాయి. ఊదా, గులాబీ లాంటి మెరవని రంగులు మాత్రం ఆ వెలుతురులో నల్లబడతాయి. తెల్ల లైటు వేసి చూపించమనండి. మొహమాటం అక్కర్లేదు.

ఇక పురుగులు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. రెండు శత్రువులు ముఖ్యం. ఎర్ర పురుగులు అర మిల్లీమీటరు కూడా ఉండవు, పసుపు ఒంటి మీద ఎర్ర చుక్కలా కనిపిస్తాయి, పాలిప్‌లు ముడుచుకుపోతాయి. రెండోది చదును పురుగు, అక్రోపొరాను మాత్రమే తింటుంది, పగడం రంగులోనే ఉండి కనపడదు. కొమ్మ నీడవైపు గుండ్రటి పాలిపోయిన చుక్కలుంటే అది తిన్న గుర్తు. దాని గుడ్లు అడుగున ఒళ్లు లేని ఎముక మీద గోధుమరంగు గుంపుల్లా అతికి ఉంటాయి.

ముక్క ఇంటికి రాగానే దాన్ని అతికించిన చిన్న దిమ్మ, అంటే ప్లగ్ మీదనుంచి కోసి, ప్లగ్ పారేయండి. పగడాల కోసం అమ్మే డిప్ అనే మందు నీళ్లలో సీసా మీద రాసినంత మోతాదులో, రాసినంత సేపు ముంచి, వంటింట్లో వాడే బాస్టర్ లాంటి రబ్బరు పిచికారీతో అన్ని వైపులా గట్టిగా నీళ్లు కొట్టండి. తెల్ల గిన్నెలో చేస్తే రాలినవి కనిపిస్తాయి. డిప్ పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. ఆ గుడ్లు పొదిగి వచ్చేవాటి కోసమే వారానికోసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు విడి ట్యాంక్‌లో ఉంచి మళ్లీ మళ్లీ డిప్ చేయాలి. రెండు నెలలు ఆగడం కష్టమే. పెద్ద ట్యాంక్‌లో పడ్డాక ముప్పై కొమ్మలు ఊడదీయడం ఇంకా కష్టం, నేను చేశాను.

7. అతికించడం

మొదట 150 నుంచి 200 పార్ ఉన్న కింది చోట రెండు వారాలు, తర్వాత కొంచెం పైకి, నెలన్నరకు అసలు చోటికి. అప్పుడే జెల్ సూపర్ గ్లూతో రాయికి అతికించండి. కదిలే ముక్క పెరగదు. ఒకదానికొకటి కనీసం ఆరేడు అంగుళాల దూరం ఉంచండి. ఇప్పుడు వెలితిగా కనిపిస్తుంది, రెండేళ్లకు మీరే కత్తెర వెతుక్కుంటారు. అతికించాక పైకి పెరగడం లేదని బెంగ వద్దు. మొదటి రెండు మూడు నెలలు అది రాయి మీద పక్కలకు పరుచుకుంటుంది, వరినాటు వేళ్లు పట్టినట్టు. తర్వాతే కొసలు లేస్తాయి. కొస లేత తెలుపుగా ఉంటే పెరుగుతోందని గుర్తు, అక్కడికి నాచు కణాలు ఇంకా చేరుకోలేదు.

8. రంగు

ఇక్కడిదాకా వచ్చి, ఆల్కలినిటీ ఆరు నెలలు నిలబెట్టినవాళ్లే ఈ భాగం అమలు చేయండి. మిగతావాళ్లకు ఇందులో ఏదీ పనిచేయదు.

నైట్రేట్ 3 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.04 నుంచి 0.1 పీపీఎం. హన్నాలో ఫాస్ఫరస్ చూపించే రకం ఉంటే ఆ పీపీబీ అంకెను 3.066తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది, 20 చూపిస్తే 0.06. ఈ రెండింటినీ సున్నా చేస్తే రంగు వస్తుందన్నది పాత కాలపు మాట. సున్నాలో వచ్చేది పాస్టెల్ పాలిపోవడం. ఆ స్థితిలో ఆల్కలినిటీ 9 దాటితే కొసలు కాలినట్టు తెల్లబడతాయి, డైనోలు కూడా తిరిగొస్తాయి.

నా కొండనాలుక కథ చెప్పాలి. ఫాస్ఫేట్ 0.22 ఉంది, పగడాలు గోధుమగా ఉన్నా హాయిగా పెరుగుతున్నాయి. రంగు కోసమని జీఎఫ్‌ఓ అనే ఇనుప గుళికలు రెండింతలు వేశాను. మూడు రోజుల్లో 0.01. ఐదో రోజు అడుగుల నుంచి ఒళ్లు రాలడం మొదలైంది. రెండేళ్లుగా పెంచిన మిల్లెపొరా పిడికిలంత ఉండేది, ఆదివారానికి తెల్ల ఎముక మిగిలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఫాస్ఫేట్‌ను దించాలనుకుంటే వారానికి 0.02 మించి దించకండి. 0.2లో కూడా పగడం చచ్చిపోదు, దించే వేగానికి చచ్చిపోతుంది.

చేపలకు బాగా పెట్టండి, అదే వేగంతో స్కిమ్మర్ బయటికి తీయనివ్వండి. చేపలు వదిలే అమ్మోనియాను పగడాలు నేరుగా తీసుకుంటాయి, పైన పోసే ఏ సీసాకన్నా అది మేలైన ఎరువు. నా ట్యాంక్‌లో టాంగ్‌లు మూడు, ఆంథియాస్‌లు ఐదు, పురుగుల్ని ఏరుకుతినే పసుపు రాస్ ఒకటి ఉన్నాయి. రోజుకు మూడుసార్లు తిండి. అయినా నైట్రేట్ సున్నా చూపిస్తే సోడియం నైట్రేట్ కొద్దికొద్దిగా పోయండి.

ఇప్పుడు ముక్కను చూసి చదవడం నేర్చుకోవాలి. ముదురు గోధుమ, పాలిప్‌లు బాగా ఆడుతున్నాయి, కొసలు పెరుగుతున్నాయి: అప్పుడు ముందు వెలుతురు కొలవండి. 200 కింద ఉంటే మెల్లగా పైకి జరపండి. వెలుతురు సరిపోతుంటే నైట్రేట్, ఫాస్ఫేట్‌లను వారాల మీద కాస్త దించండి. రెండూ ఒకేసారి చేయకండి, ఏది పనిచేసిందో తెలియదు. లేత రంగు, పలచటి చర్మం, పాలిప్‌లు లోపలే: ఇది ఆకలి, లేదా వెలుతురు ఎక్కువ. తిండి పెంచండి, లైటు పది శాతం దించండి. పైన ఊదా, నీడవైపు గోధుమ: ఇది సహజం, వదిలేయండి. ఏ మార్పు చేసినా కనీసం నాలుగు వారాలు, నా అనుభవంలో ఆరు, ఆగాక చూడండి. రోజూ చూసే కళ్లకు మార్పు తెలియదు కాబట్టి నెలకోసారి ఒకే తేదీన, తెల్ల లైటు ఒకే స్థాయిలో పెట్టి, ఒకే కోణంలో ఫొటో తీయండి.

పొటాషియం, అయోడిన్, ఇనుము లాంటివాటి గురించి అందరూ అడుగుతారు. రెండు వారాలకోసారి పది శాతం నీళ్లు మారిస్తే చిన్న ట్యాంక్‌కు అవి అందుతాయి. పగడాలు పెద్దవై ట్యాంక్ నిండాక మూడు నెలలకోసారి ల్యాబ్‌కు నీళ్లు పంపి, అందులోని మూలకాలను కొలిచే ఐసీపీ పరీక్ష చేయించండి. అందులో పొటాషియం 350కి దిగితే 390 వైపు మెల్లగా లేపండి. తేలిన లోటుకే మందు. నీలం సీసా, ఎరుపు సీసా అని పేర్లు పెట్టి అమ్మేవాటిని నేను ఇప్పుడు కొనడం లేదు. నా నీలం టెన్యూయిస్ గోధుమ వదిలి మళ్లీ నీలమవడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో నేను చేసింది రోజూ ఆల్కలినిటీ కొలవడమే.

9. ఒళ్లు రాలుతుంటే

అడుగు నుంచి వారాల మీద మెల్లగా తెల్లబడితే దాన్ని ఎస్‌టీఎన్ అంటారు. గంటల్లో ఒళ్లంతా ఊడిపోతే ఆర్‌టీఎన్. రెండోదాంట్లో ఆలోచనకు టైమ్ ఉండదు. బాగున్న కొసలను, చచ్చిన గీతకు అంగుళం పైన, ఎముక కత్తెరతో కోసి కొత్త ప్లగ్‌ల మీద అతికించండి. ఒకటి రెండైనా దక్కుతాయి. మొదటిదాంట్లో ఉప్పదనం, ఆల్కలినిటీ, ఫాస్ఫేట్ వరసగా కొలిచి, ప్రవాహం చూసి, టార్చితో అడుగున గుడ్ల కోసం వెతకండి. డిప్ చేయడం ఆఖరున. నీరసపడిన పగడాన్ని డిప్‌లో ముంచితే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే.

10. కరెంటు పోతే

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, మాకు దాదాపు రెండు రోజులు. ట్యాంక్‌కు రజాయిలు చుట్టాం, గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి సంప్‌లో ముంచాం. 19 డిగ్రీలకు దిగింది. అయినా ముప్పై కొమ్మల్లో మూడే పోయాయి. కాపాడింది వేడి నీళ్లు కాదని నా లెక్క, ఒక్క పవర్‌హెడ్‌కు తగిలించిన బ్యాటరీ. చలిని అక్రోపొరా కొన్ని గంటలు ఓర్చుకుంటుంది, కదలని నీళ్లను ఓర్చుకోదు. మొదటి అక్రోపొరా కొనేముందే ఆ బ్యాటరీ కొనండి. దాన్ని ఆరు నెలలకోసారి ప్లగ్ పీకి నడిపించి, ఎన్ని గంటలు వస్తోందో డబ్బా మీద రాసి పెట్టుకోండి.